కొసరు గాజు

"పోయిన నెలా కార్డు రాలేదు, ఈ నెలా రాలేదు. పిల్లకేదో అయింది హజ్రా. నా మనసు చెబుతోంది," అన్నది ఖాతూన్ బీ, గాజుల మలారం భుజానికెత్తుకుంటూ.

పక్కింటి హజ్రా బీ గడపలో కూచుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఖాతూన్ బీ ఒక్కగానొక్క కూతురు సాజిదాను మాచర్లలో నాపరాళ్ళ పనివాడికిచ్చి నాలుగేళ్ళయింది. కార్డు రాకపోతే పిల్ల మంచాన పడిందనేది తల్లి. వస్తే అంతకన్నా బెంగ పడేది. సాజిదాకు రాయడం రాదు. పిల్ల చెబితేనే ఎవరన్నా రాసిపెట్టారో, తల్లి నోరు మూయించడానికి అత్తింటివాళ్ళే రాసి పడేశారో ఎవరికి తెలుసు?

"పోయి చూసి రారాదూ అక్కా? బస్సెక్కితే పొద్దుగూకేలోపల పోతావు."

"పోతే, అక్కడ నిజంగానే ఏదన్నా చూడాల్సొస్తే?"

హజ్రా బీ బియ్యంలోంచి ఒక రాయి ఏరి అవతల పడేసింది. ఖాతూన్ బీ తలుపు గొళ్ళెం పెట్టి, రెండుసార్లు లాగి చూసుకుని, నరసరావుపేట స్టేషను దారి పట్టింది.

యుద్ధం అయిపోయి అప్పటికి ఆరునెలలు. గాజులు మళ్ళీ దొరుకుతున్నాయి. ఏడాదికోసారి ఆమె తిరిగే దారి ఒకటుంది. శావల్యాపురంలో రైలు దిగి, ఆ ఊరూ ఈపూరూ చుట్టుపక్కల పల్లెలూ చూసుకుని, బొల్లాపల్లి వైపు మెట్ట ఊళ్ళకు పోయి, అక్కణ్ణించి వినుకొండ వచ్చి రైలెక్కేది. మొగుడు పోయిన ఏడాది నుంచీ అదే దారి, ఒక్కతే. పల్లెల్లో అందరూ ఆమెను బీబమ్మా అని పిలిచి పీట వేసేవాళ్ళు. గాజులేయించుకున్నంతసేపూ కబుర్లు చెప్పేవాళ్ళు. చెయ్యి వదలగానే ఎవరి పని వాళ్ళది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె చేతులే చూసింది గాని మొహాలు చూడలేదు.

బొల్లాపల్లి అవతల ఒక ఊళ్ళో కరణం నాగభూషణరావు మనవరాలికి గాజులేయమని కబురు పెట్టాడు. పెద్దవాడు, మాట కరుకైనా మనిషి చెడ్డవాడు కాదు. జమాబందీ లెక్కల తనిఖీకి దొరలొస్తారని చావడి పెట్టె ముందేసుకుని పాత కాగితాలు ఏరి పారేస్తున్నాడు. అందులోంచి చిన్న గుడ్డమూటలు రెండు తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇవి చూడమ్మా. ఇలాంటివి ఏ ఊరివాళ్ళు వేసుకుంటారు?"

మూటలు విప్పితే గాజులున్నాయి. ఒకదాంట్లో రెండు, ఒకదాంట్లో మూడు. నీలం ఒకటి, నల్లది ఒకటి, ఒకదానికొకటి పొంతన లేకుండా. మూడున్న మూటలో ఒకటి పసుపుపచ్చది.

మూడేళ్ళ కిందట ఎండాకాలంలో ఊరి బయట పాడుబడ్డ బావిలో ఒక ఆడమనిషి శవం దొరికిందట. మెడకు చీరకొంగు బిగించి ఉంది. తాళి లేదు, మెట్టెలు లేవు, మొహం గుర్తుపట్టే స్థితిలో లేదు. చుట్టుపక్కల ఎవరూ మా మనిషన్నవాళ్ళు లేరు. తలారి పగలకుండా మిగిలిన గాజులు చేతిచేతికీ వేరుగా తీసి మూటలు కట్టాడు. పోలీసులొచ్చి పంచనామా రాయించుకున్నారు. రంగురంగుల గాజులు చూసి, నలుగురి దగ్గరా అడుక్కుని తొడుక్కున్నవని, కృష్ణ అవతల నైజాం వైపు నుంచి వచ్చిన బిచ్చగత్తెని తేల్చారు. వాగొడ్డున పూడ్చారు. చీరా గుడ్డలూ కట్టిన పెద్ద మూట తాలూకాకు పోయింది. ఈ గాజులు మాత్రం పెట్టె అడుగున మిగిలిపోయాయి.

ఖాతూన్ బీ ఆ పసుపుపచ్చ గాజు వేలిమీద తిప్పి తిప్పి చూసింది.

"ఇవి అడుక్కున్నవి కావయ్యా. నేనేసినవి."

"గాజు మీద నీ పేరుందా ఏవిటి?"

పేరు లేదు గాని అంతకన్నా ఎక్కువే ఉంది. కొసరు అడగని ఆడది ఉండదు. మిగతా గాజులమ్మేవాళ్ళు కొసరు కూడా అదే రంగుది వేస్తారు. ఖాతూన్ బీ మాత్రం వేరే రంగుది ఒకటి వేసి, "దిష్టి దానికి తగలనీ, నువ్వు చల్లగా ఉండు" అనేది. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అది. ఆ చుట్టుపక్కల ఇంకెవరూ అలా చెయ్యరు. ఇక మిగతావాటి సంగతి. యుద్ధంలో సరుకు బళ్ళు అందక, ఆ ఏడాది, కొసరుకని విడిగా దాచుకున్న పసుపుపచ్చవి కాక, ఆమెకు దొరికింది పాత సరుకు మూడు రంగులు. ఎర్రవి శావల్యాపురంలోనే అయిపోయాయి. ఈపూరు చేరేసరికి ఎవరికీ ఒక్క రంగున డజను పూర్తి కాలేదు. నీలమూ నలుపూ కలిపి వేసింది. బొల్లాపల్లి వైపు రానే లేదు, మలారం ఖాళీ అయి దారిలోంచే తిరిగిపోయింది. అంటే ఈ పిల్ల ఈపూరు పక్కది. ఇల్లూ వాకిలీ ఉన్న మనిషి. అక్కణ్ణించి ఇరవై మైళ్ళు తీసుకొచ్చి ఇక్కడ పడేశారు గనకనే ఇక్కడ ఎవరికీ తెలియలేదు.

ఇదంతా విని కరణం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బిచ్చగత్తె అని కాగితంలో రాసింది ఆయన చెయ్యే. ఖాతూన్ బీ మాట మీద తాను రాస్తే తాలూకాలో నవ్విపోతారని, ఆ పిల్ల తాలూకు మనిషి తన నోటితో పేరు చెబితే మాత్రం మళ్ళీ రాసి పంపుతానని అన్నాడు. అమావాస్య దాకా చూస్తాడట. ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ తర్వాత పెట్టె ఖాళీ చేసేస్తాడు. గుర్తుకని, ఎడమచేతిదని చెప్పి, రెండు గాజుల మూట ఆమెకిచ్చాడు.

"నీకెందుకే ఇదంతా? నీ ఇంటిమనిషా?" అని మటుకు అడిగాడు.

ఏమని చెబుతుంది? ఆ చెయ్యి పట్టుకుని చల్లగా ఉండమన్నది తను. పేరన్నా అడగలేదు.

వినుకొండ పోవాల్సిన మనిషి వెనక్కి, ఈపూరు దారి పట్టింది. జొన్నచేల మధ్య బండిబాట. నడుస్తూ ఆ రెండు గాజులూ తన చేతి గాజుల పక్కన పెట్టి కొలిచి చూసుకుంది. కరణం చెప్పింది నిజమైతే ఇవి ఎడమచేతివి. అక్కడ చూసిన కుడిచేతి మూటలోవాటికన్నా ఇవే ఒక కొలత పెద్దవి. ఎవరికైనా పని చేసే చెయ్యే మొద్దుబారి పెద్దదవుతుంది. ఈ పిల్లది ఎడమచేతి వాటం.

అప్పుడు గుర్తొచ్చింది. మొహం కాదు, చెయ్యి. ఎంత సబ్బునురగ రాసినా బొటనవేలి కణుపు దగ్గర గాజు ఆగిపోయింది. మిగతా ఆడవాళ్ళయితే అబ్బా అమ్మా అనేవాళ్ళు. ఈ పిల్ల నవ్వింది. "నా ఎడం చెయ్యి మొండిది బీబమ్మా, దాన్ని బుజ్జగించాల," అన్నది. ఎండలో దారి మధ్య నిలబడి ఖాతూన్ బీ ఆ మొహం కోసం ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఆ తర్వాత ఇంకో సంగతి తట్టింది. సాజిదా చేతికి ఇప్పుడు ఏ కొలత గాజు పడుతుందో కూడా తనకు తెలియదు.

ఈపూరులో రెండు రోజులు, పక్క పల్లెలు రెండింటిలో మూడు రోజులు తిరిగింది. శవం మాట ఎక్కడా ఎత్తలేదు. ఎత్తితే ఒక్క ఆడదీ చెయ్యి చాపదు. గాజులేస్తూ, ఈ ఊళ్ళో ఎడమచేతి వాటం వాళ్ళెవరని అడిగేది. "ఏంది బీబమ్మా, వాళ్ళకి చౌకగా ఇస్తున్నావా? నేనూ రేపట్నించి ఎడంచేత్తోనే ఊడుస్తా," అన్నదొక ఆమె. అందరూ నవ్వారు. ఖాతూన్ బీ కూడా నవ్వింది. ఒక ముసలమ్మను, ఒక ఎనిమిదేళ్ళ పిల్లను చూపించారు. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు. వాళ్ళు బతికున్నందుకు సంతోషించాలో, వెతుకులాట తెగనందుకు దిగులుపడాలో తెలియక ఆమె ఎవరి అరుగు మీదో తెచ్చుకున్న రొట్టె తుంచుకు తిన్నది. తోడెవరూ లేరు. చెప్పుకోవడానికీ ఎవరూ లేరు.

ఆరోనాడు మూడో పల్లెలో, కొడవలి నడుముకు దోపుకుని పొలం నుంచి వచ్చిన ఒక ఆడమనిషి, చెయ్యి చాపుతూనే చెప్పింది. సీతారావమ్మ పెద్ద కూతురు ఎడంచేత్తోనే కొడవలి పట్టేదట. జొన్న కోతలో మగవాళ్ళే దానికన్నా వెనకబడిపోయేవాళ్ళట.

"ఇప్పుడెక్కడుంది?"

ఆమె గొంతు తగ్గించింది. మూడేళ్ళ కిందట ఎవడో మిరపకాయల బేరగాడితో లేచిపోయింది. అత్తారి ఊరి నుంచి మొగుడే వచ్చి చెప్పాడు. ఆ తల్లి పరువుకు వెరిచి నోరెత్తలేదు, ఎవరినీ వెతకనీయలేదు. పైగా అల్లుడు ఊరందరి ముందూ ఏడిస్తే, జాలిపడి చిన్నదాన్ని అతనికే ఇచ్చి చేసింది. చిన్నదానికిప్పుడు ఏడో నెల. ఇంకా ఏదో చెప్పబోయి, "చానా మంచి అల్లుడని అంటార్లే," అని ఊరుకున్నది.

ఖాతూన్ బీ చేతిలో గాజు టప్పున పగిలింది.

సీతారావమ్మ ఇల్లు ఊరి చివర. మొగుడు లేడు, కొడుకులు లేరు. ఒక్కతే వాకిట్లో కూచుని ఆముదపు కాయలు కొట్టి గింజలు చేటలోకి తీస్తోంది. గాజులమ్మను చూసి, నాకెందుకు గాజులంటూ చేతులు చూపించి నవ్వింది. అయినా మంచినీళ్ళిచ్చి, పీట వేసింది.

ఆ పీట మీద కూచున్నాక ఖాతూన్ బీకి లేచి పారిపోదామనిపించింది. ఈ తల్లి మూడేళ్ళుగా కూతుర్ని తిట్టుకుంటూనే ఉండొచ్చు. కాని తిట్టుకునేటప్పుడు ఆ కూతురు ఈమె మనసులో ఎక్కడో ఒక ఊళ్ళో పొయ్యి వెలిగించుకుంటూ, ఎడంచేత్తో కూర తరుగుతూ ఉండేది. ఇప్పుడు తను నోరు తెరిస్తే ఆ ఊరూ పోతుంది, ఆ పొయ్యీ పోతుంది. మాచర్ల బస్సెక్కకుండా తను నాలుగేళ్ళుగా దేన్ని దాచుకుంటోందో, దాన్నే ఈమె చేతిలోంచి లాక్కోవాలి. అమావాస్య ఇంకా మూడు రోజులుంది. చెప్పకుండా పోతే ఎవరూ అడగరు. ఆ పిల్ల బిచ్చగత్తెగా ఉండిపోతుంది. ఇంకో పిల్ల అదే ఇంట్లో అదే మొగుడికి అన్నం వడ్డిస్తూ ఉంటుంది.

అదే ఆమెను కూచోబెట్టింది. మూట విప్పి, రెండు గాజులూ చేట అంచున పెట్టింది.

"ఆ ఏడు నేనేసినవమ్మా. ఎడమ చేతివి. చెయ్యి మొండిదని నవ్వింది. బొల్లాపల్లి అవతల, పాడుబావిలో దొరికింది. ఆ ఎండాకాలమే. మెడకు కొంగు బిగించి ఉందంట. ఎక్కడికీ పోలేదు తల్లీ ఆ పిల్ల."

సీతారావమ్మ గింజలు తీస్తున్న చెయ్యి ఆగింది. గాజుల వంక చూసింది. ముట్టుకోలేదు.

ఖాతూన్ బీ కరణం మాట చెప్పింది. ఇంటిమనిషి నోటితో పేరు చెబితేనే రాస్తాడని, లేకపోతే బిచ్చగత్తెనే ఉండిపోతుందని చెప్పింది. పేరు బయటపడితే పోలీసులు ఎవరి ఇంటికి పోతారో తనకు తెలుసనీ, అందుకే భయంగా ఉందనీ కూడా చెప్పింది. తనకూ ఒక కూతురుందని చెప్పబోయి, ఆ మాట ఇక్కడ అనరానిదనిపించి మింగేసింది.

సీతారావమ్మ మళ్ళీ కాయ తీసుకుని కొట్టింది. గింజ చేటలో వేసింది. ఇంకోటి కొట్టింది. పొద్దు పందిరి గుంజ మీది నుంచి జారి గోడ మొదట్లోకి వచ్చింది. బర్రెలు ఇళ్ళకు తిరిగొచ్చాయి. ఎవరో బాటమ్మట పోతూ ఏం అత్తా అని పలకరిస్తే ఆమె తల తిప్పకుండా ఇంకో కాయ అందుకుంది. ఇక ఈమె పలకదని ఖాతూన్ బీకి అర్థమైంది. చేతులు జోడించి, తప్పుంటే మన్నించమని, మలారం భుజానికెత్తుకుని వాకిలి దాకా నడిచింది.

వెనకనుంచి మాట వినిపించింది. పొలం పని పురమాయించే గొంతులాగే ఉంది.

"రెండు రోజులాగు బీబమ్మా. తెల్లారి బండి కట్టించుకుని పోయి, చిన్నదాన్ని పురిటికని ఇంటికి తెచ్చుకుంటా. అది ఈ గడప లోపలికి వచ్చినాక ఆ కరణం దగ్గరికి నేనే వస్తా. పున్నమ్మ దాని పేరు. పున్నమ్మ అని రాయిద్దాం."