కింది మెట్టు మీద కొవ్వొత్తి

నేలమాళిగ మెట్లు దిగుతూ నార్మన్ హెస్లప్ ఎప్పటిలాగే కొవ్వొత్తి పట్టుకున్న చేతిని మోకాలి కిందికి చాచాడు. మంట నిలబడింది. కొవ్వొత్తిని చిట్టచివరి మెట్టు మీద పెట్టి, అగ్గిపెట్టెను చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంగ్లండులోని డర్హం బొగ్గు గనులు మూతబడి ముప్పై ఏళ్ళు దాటినా, పల్లానికి దిగేటప్పుడు మంటను ముందు పంపే అలవాటు పోలేదు.

గనిలో అతనిది నీళ్ళు తోడే పంపు దగ్గర పని. తరవాత బడిలో వరండాలు తుడిచాడు. పేపర్లో అతని పేరు ఒక్కసారీ పడలేదు. తమ్ముడు ఆల్ఫీది పడింది, పందొమ్మిదేళ్ళకే. నేలను పట్టుకుని పాకే బరువు గాలిని గనివాళ్ళు స్టైత్ అంటారు; అందులో మంటా నిలవదు, ఊపిరీ ఆడదు. పడిపోయిన టోపీ కోసం ఆల్ఫీ వంగాడు, అంతే, మళ్ళీ లేవలేదు.

ఏటా ఆ రోజున నార్మన్ ఇంట్లో కాచిన బీరు ఒక గ్లాసు తమ్ముడి పేరున కిటికీలో పెడతాడు. పోయినేడు పీపాలో మామూలు గాలి చేరి బీరు రుచి తడిసిన అట్టముక్కలా తగలడింది. చచ్చినవాడికి పాచి బీరు పోశానని ఏడాదంతా కుమిలాడు. ఇప్పుడు తనకు ఎనభై ఒక్కేళ్ళు. గుండె మాట వినడం లేదు. ఈసారైనా మంచి గ్లాసు పోయాలి.

అందుకే పులుస్తున్న బీరులోంచి వచ్చే గాలిని గొట్టంతో, నీళ్ళు నిండిన ఉక్కు పీపాలోకి పంపుతున్నాడు. అది నీళ్ళను కొంచెం కొంచెంగా బకెట్లోకి తోస్తోంది. నీళ్ళన్నీ పోయాక పీపాలో మిగిలేది స్టైతే, మామూలు గాలికి చోటుండదు. ఆల్ఫీని పొట్టన పెట్టుకున్న గాలే ఆల్ఫీ బీరుకు కాపలా! దానిచేత ఊడిగం చేయించుకోవడం నార్మన్‌కు కసిగానూ ఉంది, భయంగానూ ఉంది.

"ఏమయ్యో, మళ్ళీ గనిలోకి దిగావా?" పైనుంచి పొరుగింటి డోరీన్ కేకేసింది. "టీ చల్లారిపోతోంది!"

"వస్తున్నా తల్లీ! ఇంకా అర బకెట్టుంది."

కొవ్వొత్తి ఆరిపోయింది.

గొట్టం అతుకులకు సబ్బునురగ రాసి చూశాడు. ఒక్క బుడగ లేదు. నీళ్ళింకా కారుతున్నాయంటే గాలి బయటికి రానేలేదు. మళ్ళీ వెలిగించాడు. ఎవరో వంగి ఊదినట్టు ఆరింది.

"ఉండరా ఆల్ఫీ," అన్నాడు మెల్లగా. "నీకెప్పుడూ తొందరే. పీపా పని కానీ."

కొవ్వొత్తిని ఆరినదాన్ని ఆరినట్టే వదిలి పైకొచ్చాడు. టీ తాగుతూ, "పులియడం అయ్యాక బీరుని గొట్టంతోనే పీపాలోకి దింపాలి. మూత తియ్యకూడదు. ఆల్ఫీ గ్లాసు మరిచిపోకు," అన్నాడు.

"నాకెందుకు చెబుతావ్? నువ్వెక్కడికి పోతున్నావ్?"

"చెప్పి ఉంచుతున్నా."

డోరీన్ కప్పులు కడిగి వచ్చేసరికి అతని తల వాలిపోయి ఉంది. అగ్గిపెట్టె ఉన్న జేబు మీదుగా చేయి పెట్టి గుండె చూసింది. చప్పుడు లేదు. "బీరు నేను పోస్తాలే, ముసలాడా," అంది.

కింద బకెట్లో బుడగలు మొదలయ్యాయి. పీపాలో నీళ్ళు అయిపోయి, స్టైత్ బయటికి వస్తోంది. ఇంట్లో ఇంకెవరికో కబురు చెప్పాలన్నట్టు, ఎందుకో తెలియకుండానే డోరీన్ మెట్లు దిగింది.

కింది మెట్టు మీద కొవ్వొత్తి నిటారుగా వెలుగుతోంది.