స్కార్‌టాప్ చివరి బస్సు

తడిసిన టీ ఆకుల్ని బకెట్లోంచి గుప్పెడు గుప్పెడు తీసి, హోరెస్ సగ్డెన్ విత్తనాలు జల్లినట్టు హాలు నేలంతా జల్లుకుంటూ పోతున్నాడు. పొడి నేల ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ కుర్చీల మీదే కూర్చుంటుంది. తడి ఆకులు జల్లితే అవి దుమ్మును కూడా తమతో ఈడ్చుకుపోతాయి. థార్న్‌షా విక్టోరియా హాలుకు కాపలాదారూ, ఊడ్చేవాడూ, బాయిలర్లో బొగ్గు వేసేవాడూ అన్నీ ఆయనే. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి తాళాల గుత్తి మోసి కుడి భుజం కాస్త కిందికి దిగింది. మీసం మాత్రం వారం వారం కత్తిరించుకుంటాడు, ఎవరు చూసినా చూడకపోయినా.

మా ఊళ్ళో ఆయన పేరు తెలియనివాళ్ళు ఉండవచ్చు గానీ గొంతు తెలియనివాళ్ళు లేరు. హాల్లో ఏం జరుగుతున్నా సరే, కొండమీది స్కార్‌టాప్ పల్లెకు చివరి బస్సు వేళకు వేదిక పక్కకు వచ్చి, రెండు చేతులూ నోటి దగ్గర దోనెలా పెట్టి కేకేసేవాడు. "స్కార్‌టాప్ బస్సు! చివరి బస్సు! కొండమీదివాళ్ళు లేవండి!" నాటకంలో నాయిక ప్రాణాలు వదులుతున్నా ఆగేవాడు కాదు. నటులే ఆగేవారు. కొండమీదివాళ్ళు లేచి, కోట్లు తొడుక్కుని, తలుపు మూసి వెళ్ళాక ఆవిడ మళ్ళీ మొదటినుంచి చచ్చిపోయేది. మాకది అలవాటే. మెట్ల కింద తన గదిలో ఉన్న అలారం గడియారాన్ని ఆయన కావాలనే ఐదు నిమిషాలు ముందుకు తిప్పి ఉంచాడు, ముసలివాళ్ళు నడిచి బస్సు అందుకోవాలి కదా అనేవాడు.

అలాంటి మనిషి అక్టోబరు నుంచి కేక వెయ్యడం మానేశాడు. ఇప్పుడు జూన్. బస్సు వేళకు వరసల మధ్య దొంగలా నడుస్తూ, కొండమీదివాళ్ళ భుజాలు ఒక్కొక్కటే తట్టి లేపుతున్నాడు.

ఆ అక్టోబరులో కోల్డ్ ఫర్నెస్ అనే పాటల బృందం కుర్రాళ్ళు వచ్చారు. నలుగురూ మా ఊరి మిల్లుల్లో పనిచేసినవాళ్ళే. ఇదే హాల్లో, ఇంకా జనం కుర్చీలు వెతుక్కుంటుండగా వాయించి, ఎవరి చేతా చప్పట్లు కొట్టించుకోలేక వెళ్ళినవాళ్ళు, ఇప్పుడు లండన్లోనూ జర్మనీలోనూ జనాన్ని వెర్రెక్కిస్తున్నారు. జనం ఎదుట వాయించిన పాటల్ని ఉన్నవి ఉన్నట్టు రికార్డుగా తెద్దామని కంపెనీ అనుకుంది. ఒక రాత్రి లండన్లో, ఒక రాత్రి సొంత ఊళ్ళో పట్టాలి, ఏది బాగా వస్తే అదే రికార్డు. మిల్లులు ఒకదాని వెనక ఒకటి మూతపడుతున్న ఊరికి, దేశదేశాలు తిరిగే నల్లటి పళ్ళెం మీద తన చప్పట్లు ఉంటాయంటే అంతకన్నా ఏం కావాలి?

లావుపాటి తీగలు కిటికీలోంచి పక్కసందులో నిలిపిన లారీలోకి వెళ్ళాయి. రికార్డు చెయ్యడానికి వచ్చిన లండన్ మనిషి వేదిక పక్కన వేలాడదీసిన మైకు చూపించి, "దీని కింద తుమ్మినా చంపుతా" అన్నాడు. హోరెస్ బుద్ధిగా తలూపాడు. చెవులు పగిలే ఆ మోతలో వేలు కూడా కదపకుండా నిలబడ్డాడు. అప్పుడు, పెద్ద పాట నడుమ, అంతా ఆగిపోయి ఒక్క గిటారు మాత్రం సన్నగా మిగిలింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. గదిలో అలారం మోగింది. కాళ్ళు వాటంతటవే నడిచాయి. చేతులు వాటంతటవే లేచాయి. సరిగ్గా ఆ మైకు కిందే నిలబడి హోరెస్ స్కార్‌టాప్ బస్సును పిలిచాడు.

జనం గొల్లున నవ్వారు. లండన్ మనిషి లారీలోంచి దూకి వచ్చి, "పోయింది! ఈ ఊరి రాత్రంతా చెత్తబుట్టలోకి పోయింది!" అని జుట్టు పీక్కున్నాడు. హోరెస్ తేలు కుట్టిన దొంగలా బాయిలర్ గదిలోకి దిగి తలుపేసుకున్నాడు. పైన కప్పు కూలుతుందేమో అన్నంతగా కాళ్ళతో నేలను తొక్కుతున్నారు. అది తనమీద కోపమే అనుకున్నాడు.

ఆ తర్వాత ఆ మాట ఎవరెత్తబోయినా చెయ్యి అడ్డం పెట్టేవాడు. వీధిలో కుర్రాళ్ళు "చివరి బస్సు, హోరెస్!" అని నవ్వితే పుండుమీద కారం జల్లినట్టుండేది. ఊరికి వచ్చిన ఒక్క అదృష్టాన్నీ తన నోటితో తగలేశానని ఆయన గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకానికి మ్యాడ్జ్ పాగ్సన్ మౌనం తోడైంది. హాల్లో టీ కాచే మ్యాడ్జ్ కొడుకు డెరెకే ఆ నలుగురిలో గాయకుడు. రోజూ టీ ఆకుల బకెట్టు మెట్టు మీద పెడుతూనే ఉంది, వాతావరణం గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుతూనే ఉంది. రికార్డు మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

శనివారం కాబట్టి మధ్యాహ్నం బస్సులో హోరెస్ భార్య ఎడ్నా దిగింది. సాయంత్రం చర్చివాళ్ళ టీ విందు ఉంది, బల్లలకు గుడ్డలు పరచాలి. భర్తకు తెచ్చిన చీజు రొట్టె విప్పి వేదిక అంచున పెట్టి, తనూ పక్కనే కూర్చుంది.

"మళ్ళీ మొహం వేలాడేశావేంటయ్యా?"

"ఏం లేదు."

"నీ ఒక్క కేకకి పాడైపోయే సంగీతమైతే అది పోయినా నష్టం లేదులే. నా సంగతి చూడు. ఆ రోజు మనకి బస్సు తప్పిపోబట్టి కదా నువ్వు నాకు దొరికావు? ఊళ్ళో పిల్లలకి ఆ భాగ్యం లేకుండా ఇన్నేళ్ళూ అడ్డుపడ్డావు, పాపం తగలదూ!"

ఎడ్నా ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే చెబుతుంది. పెళ్ళికి ముందు ఇదే హాల్లో డ్యాన్సు, బస్సు తప్పిపోవడం, కొండదారిలో ఆమె చెప్పు పట్టీ తెగడం, ఆయన తన టై విప్పి పాదానికి కట్టడం. అక్కడితో ఆపేసి నవ్వుతుంది. హోరెస్‌కు గుర్తున్నది ఆ తర్వాతది. ఎడ్నా వాళ్ళ నాన్న తలుపు తియ్యలేదు. తెల్లవారేదాకా ఆమె బొగ్గుల కొట్టంలో కూర్చుంది. గేటు బయట చేతకానివాడిలా తను నిలబడ్డాడు. ఆడపిల్లనెవరినీ మళ్ళీ అలా కూర్చోనివ్వకూడదనే గడియారం ముల్లు ముందుకు తిప్పాడు. ఆ సంగతి ఎడ్నాకు కూడా చెప్పలేదు.

రొట్టె సగంలో ఉండగా మ్యాడ్జ్ వచ్చింది. చేతిలో టీ లేదు. డ్యాన్సు క్లాసువాళ్ళ రికార్డు ప్లేయరును రొప్పుతూ తెచ్చి వేదిక మీద పెట్టింది. చంకలో చదరంగా ఒక అట్ట ఉంది.

హోరెస్ లేచాడు. "నేను బాయిలర్ చూసి రావాలి."

"జూన్ నెలలో బాయిలరేంటయ్యా? కూర్చో. ఆ తాళాలు మోగించకు."

"మ్యాడ్జ్, లండన్ రాత్రి పాటలు నాకెందుకు..."

"నోరు మూసుకుని విను. ఎప్పుడు తెరవాలో నీకెలాగూ తెలియదు!"

అట్టలోంచి రికార్డు తీసి ముల్లు పెట్టింది. జనం హోరు, డ్రమ్ముల దడదడ, తర్వాత ఒక్కొక్కటే తగ్గి ఆ సన్నటి గిటారు. హోరెస్ వేదిక అంచును గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడొక ముసలి గొంతు స్కార్‌టాప్ బస్సును పిలిచింది. ఒక్క క్షణం ఆయనకు చనిపోయిన తన తండ్రి పిలుస్తున్నాడనిపించింది. తన గొంతు తను వినడం ఆయనకదే మొదలు.

నవ్వుల మీదుగా డెరెక్ గొంతు వచ్చింది. "ఆగండ్రా, ఆగండి. అది మా సగ్డెన్ గారు. పదకొండేళ్ళప్పుడు టిక్కెట్టు లేకుండా దూరితే నన్ను చెవి పట్టుకుని బయట పడేసిన మనిషి. ఈ హాల్లో ఆయన మాటే చట్టం. కొండమీదివాళ్ళు వెళ్తే వెళ్ళండి, మేమేం అనుకోం. ఉండిపోతే మాత్రం మిమ్మల్ని నేనే నడిపించి గుమ్మంలో దించుతా. మీ నాన్నలతో నేను మాట్లాడతా!"

కాళ్ళ చప్పుడు మొదలైంది. కోపం కాదు అది. సంతోషం పట్టలేక తొక్కుతున్న తొక్కుడు. దాని తాళం మీదే డ్రమ్ములు అందుకున్నాయి, పాట మళ్ళీ లేచింది.

"నడిపించాడు కూడా," అంది మ్యాడ్జ్. "మర్నాడు బొబ్బలెక్కిన కాళ్ళతో వచ్చి నా మంచం మీద పడ్డాడు, పెద్ద గాయకుడు!"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు హోరెస్.

"ఏమని చెప్పను? కంపెనీవాళ్ళు ఆ ముక్క కోసేద్దామంటారు, మావాడు ఉంచి తీరాలంటాడు. ఉంటుందని చెప్పి, చివరికి కోసేస్తే? నువ్వు రెండోసారి చచ్చేవాడివి. అచ్చయ్యేదాకా నోరెత్తకూడదని ఒట్టేసుకున్నాను. నీ మొహం చూస్తూ టీ కాచడం నాకేమన్నా సరదానా?"

అట్ట వెనక సన్నటి అక్షరాలున్నాయి. హోరెస్ కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, అయినా ఏమీ కనపడలేదు. ఏడుస్తున్నాడు మరి. ఎడ్నాయే లాక్కుని పైకి చదివింది. "పాట, డెరెక్ పాగ్సన్. గిటారు ఈయన, డ్రమ్ములు ఈయన... బస్సు, హోరెస్ సగ్డెన్." చదివి, పగలబడి నవ్వి, తనూ కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం చర్చివాళ్ళ విందు ముగుస్తుండగా, పాస్టరు గారు ముగింపు మాటలు మంచి పట్టులో ఉండగా, హోరెస్ ఆ రోజు పెందలాడే పెట్టుకున్న అలారం మోగింది. హోరెస్ వేదిక పక్కకు నడిచాడు. చేతులు నోటి దగ్గరికి లేచాయి. "స్కార్‌టాప్ బస్సు! కొండమీదివాళ్ళు లేవండి!"

పాస్టరు గారు నోరు తెరిచి ఉండిపోయారు. ఒక ముసలావిడ, "ఇది చివరిది కాదు కదా హోరెస్! ఇంకా రెండున్నాయి!" అంది.

"అయితే ఏం? లేవండి!"

హాలంతా చప్పట్లు మోగాయి. కప్పులు కడుగుతున్న మ్యాడ్జ్ కూడా తడి చేతులతో కొట్టింది.

బయట ఇంకా ఎండ ఉంది. కొండమీదివాళ్ళందరినీ ఎక్కించి, ముసలావిడ చేతిసంచీ అందించి, హోరెస్ వెనక్కి జరిగాడు. బస్సు వెళ్ళిపోయింది.

"ఎక్కవేంటయ్యా? మతి పోయిందా?" అంది ఎడ్నా.

"నడుద్దాం."

ఎడ్నా తన చెప్పుల వైపు చూసుకుంది, ఆయన మెడలో టై వైపు చూసింది, చెయ్యి పట్టుకుంది. కొండదారిలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు. ఒకసారి గొర్రెలు అడ్డం వచ్చాయి. గడియారం ముల్లు ఎందుకు తిప్పాడో ఆ దారిలోనే ఆమెకు చెప్పాడు. ఇంటి గేటు దగ్గర హోరెస్ గుత్తిలోంచి ఒక తాళంచెవి వెతికి తీసి, ముందుగా తలుపు తెరిచి, పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.

"నలభై ఏళ్ళు పట్టింది నీకు," అంది ఎడ్నా లోపలికి వెళ్తూ.

మరుసటి ఫిబ్రవరిలో, మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం, మెట్ల కింద గదిలో రొట్టె తిని కునుకు తీసిన హోరెస్ మళ్ళీ లేవలేదు. బాయిలర్లో బొగ్గు అప్పటికే వేసి ఉంచాడు. రాత్రి దాకా హాలు వెచ్చగానే ఉంది.

ఆయన తర్వాత వచ్చినతను గది సర్దుతూ, అలారం గడియారం తప్పు నడుస్తోందని ముల్లు వెనక్కి తిప్పబోతే, మ్యాడ్జ్ ఉరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇప్పుడు రోజూ దానికి కీ ఇచ్చేది ఆవిడే. అది ఆ అరమీదే ఉంది, ఊరి గడియారాలన్నిటికన్నా ఐదు నిమిషాలు ముందు నడుస్తూ.