సంతకం నాదే

"కాలర్ ఇంకాస్త గట్టిగా రుద్దు జానిస్. ఆ కౌన్సిలర్లు ముందు చూసేది కాలరే," అన్నాడు కీత్, రొట్టె మీద మార్మలేడ్ పూసుకుంటూ.

నేను ఇస్త్రీ చేస్తున్నది నా భర్త చొక్కా కాదు, అతని తమ్ముడు డెస్‌ది. భార్య వదిలేసి వెళ్ళినప్పటి నుంచి డెస్ బట్టలు మా ఇంటికే వస్తున్నాయి. చేస్తావా అని నన్నెవరూ అడగలేదు. ఒక సోమవారం మా అత్తగారు సంచీ తెచ్చి వంటింట్లో పెట్టి, "రెండు చొక్కాలు ఎక్కువైతే నీ చేతులేం అరిగిపోవులే," అంది. ఆ రెండు చొక్కాలు ఆరేళ్ళుగా ఉతుకుతూనే ఉన్నాను.

ఆ మంగళవారం పదిన్నరకి టౌన్‌హాల్లో డెస్ టాక్సీ లైసెన్సు మీద విచారణ. బెథనీ అనే పదహారేళ్ళ పిల్ల ఫిర్యాదు చేసింది. కాలేజీ నుంచి ఇంటికి తీసుకెళ్తూ దారి మళ్ళించి, రిజర్వాయరు పక్కన కారు ఆపి, తలుపులు లాక్ చేసి, 'బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా' అంటూ మోకాలి మీద చెయ్యి వేశాడట. రోడ్డు పని జరుగుతుంటే దారి మళ్ళించానంటాడు డెస్. "పరీక్షలకి చదవడం ఇష్టంలేక ఇలాంటి కథలల్లుతారు," అని తేల్చేశాడు కీత్. నేను చొక్కా తిరగేసి వీపు వైపు రుద్దాను.

మాది టాక్సీ ఆఫీసు. పద్నాలుగు కార్లు, అందులో ఒకటి డెస్ నడిపేది. పందొమ్మిదేళ్ళుగా ఫోన్లు ఎత్తేది నేను. ఉద్యోగుల జాబితాలో మాత్రం నా పేరు లేదు. "ఇంటిమనిషికి ఉద్యోగమేంటి, తమాషా కాకపోతే!" అనేది అత్తగారు. క్రిస్మస్ విందులో డ్రైవర్లందరి ముందూ కీత్ ఏటా అదే జోకు వేసేవాడు: "మా ఆవిడ నోరు ఎలాగూ ఆగదు, అందుకే ఫోను ముందు కూర్చోబెట్టా." అందరూ నవ్వేవారు. నవ్వకపోతే బాగుండదని నేనూ నవ్వేదాన్ని. ఒక ఏడు ఆ నవ్వుల మధ్యే డెస్ నా వీపు మీద చెయ్యి వేసి తియ్యకుండా ఉంచాడు. ఇంటికొచ్చాక చెబితే, "వాడంతే, ఎవరితోనైనా చనువు. నువ్వు ప్రతిదానికీ ఏదో ఊహించుకుంటావు," అన్నాడు కీత్. కొన్నాళ్ళకి నేను ఊహించుకున్నానేమో అని నాకే అనిపించింది. మనసుకి అలా నచ్చచెప్పుకోవడం కూడా ఒక పనే. ఇంటిపనుల లెక్కలో దాన్నెవరూ వెయ్యరు.

డెస్ గురించి నాకు అంతకుముందే రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది రెండేళ్ళ క్రితం, వేయించిన చేపలమ్మే కొట్లో పనిచేసే అమ్మాయి చేసింది. కారు తలుపు తియ్యమంటే 'ముద్దిస్తే తీస్తా' అన్నాడట. రెండోది ఆ మరుసటి వేసవిలో. ఆ పిల్ల పేరు చెప్పలేదు, ఏడుస్తూనే ఉంది. రెండూ తేదీతో సహా కాగితం మీద రాసి కీత్ చేతికిచ్చాను. ఫిర్యాదు వస్తే మూడురోజుల్లో లైసెన్సులిచ్చే కౌన్సిల్‌కి పంపాలని మా ఊళ్ళో రూలు. "పంపించేశా. వాడికి గట్టిగా గడ్డిపెట్టా కూడా. ఇక వదిలెయ్," అన్నాడు. వదిలేశాను. పైగా చేపలకొట్టు అమ్మాయికి నేనే ఫోన్ చేసి, "మేం చూసుకున్నాంలే తల్లీ, ఇక భయం లేదు," అని ధైర్యం చెప్పాను. ఫోన్లో నా గొంతు వింటే నమ్మకంగా ఉంటుందని అందరూ అంటారు. ఆ పిల్ల కూడా నమ్మింది.

టౌన్‌హాలు వసారాలో ఎదురు బెంచీ మీద బెథనీ, వాళ్ళమ్మ కూర్చుని ఉన్నారు. ఆ తల్లి ప్రైమరీ స్కూల్లో పిల్లలకి భోజనాలు వడ్డిస్తుంది. పని మధ్యలో వచ్చిందేమో, కోటు కింద ఇంకా ఏప్రన్ ఉంది. ఆ పిల్ల చొక్కా చేతుల్ని అరచేతుల మీదికి లాక్కుని బిగించి పట్టుకుంది. నేను ఫ్లాస్కులోంచి మా వాళ్ళిద్దరికీ టీ పోస్తున్నాను. "వదినా, చక్కెర మర్చిపోయావు," అన్నాడు డెస్.

లోపల ముగ్గురు కౌన్సిలర్లు. మధ్యలో అధ్యక్షురాలు మిసెస్ ఓల్డ్‌రాయిడ్. లైసెన్సింగ్ అధికారి కాగితాలు చదువుతూ, ఈ డ్రైవరు మీద అంతకుముందు ఎలాంటి ఫిర్యాదూ అందలేదని చెప్పాడు.

నేను సరిగా విన్నానా అనుకున్నాను. కీత్ వైపు చూశాను. అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

అప్పుడు డెస్ లాయరు లేచి ఒక ఉత్తరం చదివాడు. "పందొమ్మిదేళ్ళుగా మా కంపెనీకి వచ్చిన ప్రతి ఫోనూ నేనే ఎత్తాను. డెస్మండ్ మీద ఒక్క ఆడమనిషి కూడా నాకు ఫిర్యాదు చేయలేదు. ఆడదానిగా, తల్లిగా చెబుతున్నాను, అతనంతటి పెద్దమనిషి మా డ్రైవర్లలో మరొకరు లేరు." కింద నా పేరు, నా సంతకం.

రెండు వారాల క్రితం నేను గిన్నెలు తోముతుంటే కీత్ కాగితాల కట్ట తెచ్చాడు. "ఇన్సూరెన్సువి. చెయ్యి తుడుచుకోనక్కర్లేదులే, ఇక్కడ గీకెయ్," అంటూ పెన్ను మూత తనే తీసి అందించాడు. ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నాడో అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. పందొమ్మిదేళ్ళూ నా మాట వాళ్ళకి జోకు, సణుగుడు, ఊహ. ఒక ఆడపిల్ల మాటని నొక్కెయ్యడానికి ఇంకో ఆడదాని మాట కావాల్సిన రోజున దానికి విలువ వచ్చింది. అప్పుడు కూడా నన్ను అడగలేదు, రాసేసుకున్నారు. డెస్ వెనక్కి తిరిగి నన్ను చూసి కృతజ్ఞతగా తల ఊపాడు. బెథనీ తల్లి కూడా చూసింది. అలా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు.

లేచి నిలబడ్డాను.

"సంతకం నాదే. మాటలు నావి కావు," అన్నాను.

"జానిస్, కూర్చో," అన్నాడు కీత్ పళ్ళు బిగించి.

లాయరు అభ్యంతరం చెప్పాడు, సాక్షుల జాబితాలో నేను లేనన్నాడు. "ఇప్పటిదాకా మీరు చదివింది ఆవిడ సాక్ష్యమే కదండీ! మరి ఆవిడ నోటే విందాం," అంది మిసెస్ ఓల్డ్‌రాయిడ్. రెండు ఫోన్ల సంగతీ చెప్పాను. నెల చెప్పాను, ఆ పిల్లలు అన్న మాటలు చెప్పాను, కాగితాలు ఎవరి చేతికిచ్చానో చెప్పాను. చివర్లో ఆవిడ అడిగింది: "లైసెన్సు ఇచ్చేముందు మాకు మేం వేసుకునే ప్రశ్న ఒకటుంది. మీ కూతుర్ని ఒంటరిగా ఈయన కారు ఎక్కిస్తారా?"

ఎక్కించనని చెప్పబోయాను. కానీ అంతకుముందు ఎక్కించాను. మా టెస్సాని రెండేళ్ళపాటు రోజూ స్కూలుకి డెస్ కారులోనే పంపాను. పదమూడో ఏట ఉన్నట్టుండి బస్సులో వెళ్తానంది. రెండు బస్సులు మారాలి, పైగా వానలు. "ఇంటి కారు పెట్టుకుని బస్సేంటి, ఎంత పొగరే నీకు!" అన్నాను నేనే.

"ఇకమీదట ఎక్కించను," అన్నాను. నా చెవులకే ఆ మాట ఎవరో అన్నట్టు వినిపించింది.

నలభై నిమిషాల తర్వాత తీర్పు చెప్పారు. ప్రజల భద్రత దృష్ట్యా డెస్ లైసెన్సు ఆ క్షణం నుంచే రద్దు. ఫిర్యాదులు దాచినందుకు మా కంపెనీ లైసెన్సు మీద వేరే విచారణ. అప్పీలుకి వెళ్తామన్నాడు లాయరు.

వసారాలో కీత్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "సొంత మరిదిని రోడ్డున పడేశావు. రేపట్నుంచి ఈ ఊళ్ళో తలెత్తుకుని ఎలా తిరుగుతాం? మా అమ్మకేం చెప్పను?"

"ఆ ఉత్తరం ఎవరు రాశారో ముందు అది చెప్పు," అని చెయ్యి విడిపించుకున్నాను.

బెథనీ తల్లి దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో ముందే అనుకోలేదు. ఆవిడే అంది: "నీకు థాంక్స్ చెబుతాననుకోకు. నువ్వు రెండేళ్ళ క్రితమే నోరు విప్పుంటే నా పిల్ల ఆ కారెక్కేది కాదు." కూతురి భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను గోడవారగా నిలబడి, లీడ్స్‌లో నర్సుగా పనిచేస్తున్న టెస్సాకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా వింది. చివరికి, "అప్పుడు బస్సులో ఎందుకు వెళ్తానన్నావే?" అని అడిగాను.

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"పక్కన నాన్న ఉన్నాడా అమ్మా?"

"లేడు. నేనొక్కదాన్నే."

"అయితే ఎక్కడైనా కూర్చో," అంది నా కూతురు. "చెబుతాను."