మూడో చెయ్యి

పిల్లలకి బొమ్మ చూపించి వాళ్ళచేత మాట్లాడించడం ఎలాగో జ్యోతిర్మయి టీచరు శిక్షణలో నేర్చుకుని వచ్చింది. ఏం కనిపిస్తోందని అడగాలి, ఎందుకలా అనిపించిందని అడగాలి, ఎవరినీ తప్పు అనకూడదు. వరినాట్ల బొమ్మ ఒకటి పెద్దగా వేయమని కంచరపాలెంలో ఫ్లెక్సీల షాపుకి పంపింది. తీరా ఐదో తరగతిలో చుట్ట విప్పి బోర్డుకి కట్టి చూస్తే, అది తవిటయ్య అనే పెద్దాయన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ.

"బొమ్మ మారిపోయింది" అనబోయేలోపే దుర్గ లేచింది.

"ఈయనకి మూడు సేతులున్నాయి టీచర్."

నిజమే. రెండు చేతులు ఒళ్ళో ఉన్నాయి. భుజమ్మీద ఇంకొకటి ఉంది, అదీ మణికట్టు దాకానే. ఆ తర్వాతంతా మేఘాలు.

ఏడాదిగా నోరు విప్పని క్లాసు అది. ఫ్లెక్సీ విప్పేయడానికి టీచరుకి మనసు రాలేదు. "ఎవరి చెయ్యయి ఉంటుంది?" అంది.

"దేముడిది. మేఘాల్లోంచి వచ్చింది గదా" అన్నాడు సింహాద్రి.

"దేముడికి వాచీ ఏటిరా? పోలీసుది. అందుకే ఆయన నవ్వట్లేదు" అంది నూకాలు.

అంతలో షాపులో వాకబు చేసుకుని తవిటయ్య భార్య గంగాలమ్మ, తమ్ముడు అర్జునరావు గుమ్మంలోకి వచ్చారు. వాళ్ళ చేతిలో వరినాట్ల ఫ్లెక్సీ ఉంది. దానికి అప్పటికే బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేశారు. కళ్ళు ఆనని ముసలత్తగారు పొద్దున్నుంచీ ఆ మడిచెక్క బొమ్మ ముందు కూర్చుని ఏడుస్తోందట.

"మా బొమ్మ ఇచ్చీండమ్మా, సుట్టాలొచ్చీసినారు" అంటూ అర్జునరావు తాడు విప్పబోయాడు.

"ముందు ఆ సెయ్యెవలిదో సెప్పండి" అన్నాడు సింహాద్రి.

అర్జునరావు తేరిపార చూశాడు. "నాదే. అన్నయ్య పక్కన నిలబడింది నానే."

"నీదేటి? అది నా సెయ్యి! సింహాచలంలో తీసిన ఫొటో. నన్ను కత్తిరించీసినావా?" అంది గంగాలమ్మ.

"వదినా, నువ్వెప్పుడైనా వాచీ ఎట్టినావా?"

"ఆ రోజు మీ అన్న వాచీ నానే ఎట్టుకున్నాను!"

గొంతులు లేచాయి. టీచరుకి ఇంకో దారి తోచలేదు. "ఒకరి తర్వాత ఒకరు చెప్పండి. ఇక్కడ ఎవరిదీ తప్పు కాదు" అంది. ఇద్దరూ బుద్ధిగా ముందు బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. పిల్లలు గంగాలమ్మ గోళ్ళు పరీక్షించారు. అర్జునరావు చేత సింహాద్రి భుజమ్మీద చెయ్యి వేయించి, వెనక్కి వెళ్ళి నిలబడి చూశారు. గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు.

చివరికి అర్జునరావు షాపుకే ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఆ సెయ్యా బావా? ఫొటో అక్కడ సిరిగిపోయింది గదా. కనపడకుండా ఏదో పెళ్ళి ఫ్లెక్సీలోంచి తీసి అతికించీసినాను" అన్నాడు షాపతను.

గంగాలమ్మ లేచి వెళ్ళి ఆ చేతిని పైట చెంగుతో తుడిచింది.

"తీయించీద్దామా వదినా?"

"ఒగ్గీ. ఆయన బుజమ్మీద మనం సెయ్యేసినామో లేదో గానీ, ఎవలో ఒకలు ఏసినారు. ఉండనీ."

ఫ్లెక్సీ చుట్టుకుని ఇద్దరూ వెళ్ళిపోయారు. టీచరు వరినాట్ల బొమ్మ కట్టింది గానీ, దాని మొహం చూసినవాళ్ళు లేరు.

"మరి ఆ పెళ్ళిలో ఆయనకి ఇప్పుడు సెయ్యి లేదా టీచర్?" అంది నూకాలు.

ఆ సాయంత్రం బస్సు కోసం నడుస్తూ, దారిలో ప్రతి ఫ్లెక్సీ ముందూ జ్యోతిర్మయి ఆగింది. పెళ్ళికొడుకులు, పుట్టినరోజు నాయకులు, ఓణీల ఫంక్షన్ మేనమామలు, అందరికీ చేతులు సరిగ్గానే ఉన్నాయి. సీతమ్మధార బస్సు ఆమె వెనకనుంచే వెళ్ళిపోయింది.