నాన్న వంతు

వాన మధ్యాహ్నం కరెంటు పోయింది. మా అమ్మాయి లహరి కాలేజీ పుస్తకం మూసేసింది. పాతకాలపు దయ్యాల నవల అది, కథని తలా కొంత చెప్పుకొస్తారు.

"ఒక్కరు చెప్తే అయిపోయేదానికి ఇంతమందెందుకమ్మా? ఎవరికీ పూరా సంగతి తెలీదు."

"మన పడవ కథ విను, తెలుస్తుంది."

మా అమ్మ బుల్లమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. గుమ్మం దగ్గర మేనమామ నూకన్న వల బాగుచేస్తున్నాడు. తాను ఎక్కని పడవలో జరిగింది తాను చెప్పకూడదని మావాళ్ళ కట్టుబాటు. అందుకే ఆ కథ ముగ్గురి నోట నడిచేది. ఆఖరి వంతు మా నాన్నది. అక్కడికి వచ్చేసరికి ఇల్లంతా ఒకటే నవ్వు. నాన్న పోయాక ఆ కథ ఎవరూ ఎత్తలేదు. అమ్మవాళ్ళకు దూరంగా, దీవుల ఉత్తరపు కొసన డిగ్లీపూర్‌లో పెరిగిన లహరి దాన్ని విననే లేదు. ఆ నవ్వు దానికి దక్కాలని నా ఆశ.

అమ్మ అందుకుంది. "సందేళ ఒడ్డున నిలబడ్డాను. దీపం ఎలుగుతా పడవొస్తంది. పడవలో మీ తాత నేడు, ఒట్టి పడవే. ఇంటికి పరిగెట్టీసినాను. బస్, నాను సూసిందంతే."

మామ సూది ఆపాడు. "నాను నీళ్ళలోకి దిగినాను. పడవలో అన్నం గిన్నె మూత తియ్యనేదు. ఎనకపక్క ఎవడో రొప్పుతున్నాడు. అరే, తిరిగి సూసే దమ్ము నేక నానూ దౌడు!"

లహరి కాళ్ళు మంచం మీదికి లాక్కుంది. "ఎవరు తాతయ్యా?" అని మామని అడిగింది.

అమ్మ చింతపండు మీదికి వంగింది, మామ మళ్ళీ వల అందుకున్నాడు. సరిగ్గా ఇక్కడే నాన్న చుట్ట పక్కన పెట్టి గొంతు సవరించుకునేవాడు.

"నువ్వు చెప్పమ్మా, నీకు తెలుసుగా," అంది లహరి నాతో.

"అదెక్కినాదేటి ఆ పడవ?" అంది అమ్మ.

నిజమే, ఎక్కలేదు. కానీ ఇంట్లో ఉన్నాను.

"నాన్న ఒళ్ళంతా నీళ్ళు కారుతూ గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ దయ్యమనుకుని చీపురు తిరగేసింది. 'వల తీస్తా పడిపోయినానే, పైకెక్కనేక పడవని ఎనకనుంచి తోసుకుంటా ఈదొచ్చినానే, కేకెయ్యడానికి ఊపిరి నేదే' అని నాన్న పెరడంతా పరిగెత్తాడు."

"నీకప్పుడు నాలుగేళ్ళు! ఏటి గుర్తు?" అంది అమ్మ.

"చీపురు పుల్లలు ఏరింది నేనేగా."

మామ వల వదిలేశాడు. "చీపురా? బావ ఇన్నేళ్ళూ ఈదొచ్చిందే చెప్పినాడు గాని, ఇది చెప్పనేదే!"

"ఎలా చెప్తాడు మామయ్యా? నీళ్ళలో జరిగిందే నాన్న వంతు, ఇంట్లో జరిగింది అమ్మ వంతు కదా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గట్టిగానే కొట్టీసినాను," అంటూ నవ్వి, అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. లహరి మంచం మీద దొర్లుతోంది.

"ఇంకోసారి, అమ్మమ్మా! షురూ నుంచి."

అమ్మ మళ్ళీ ఒడ్డున నిలబడింది. మామ మళ్ళీ పారిపోయాడు. ఆ తర్వాత ముగ్గురూ నావైపు తిరిగారు.