నీళ్ల ఓడ కాదు, నూనె ఓడ

మా మామ పోచయ్య డెబ్బై ఒకటి యుద్ధంలో నేవీలో పనిచేశాడు. ఆయన ఓడ పేరు జలధార. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎక్కడైనా కనిపిస్తే నేను నాలుగు మాటలు అడగాలి. ఎందుకంటే అందులో నీళ్లు లేవు. సముద్రం మధ్యలో యుద్ధనౌకలకు ఇంధనం పోసే ఓడ అది. అలాంటిదాన్ని ట్యాంకర్ అంటారట. మా ఊరు ఎల్లారెడ్డిలో ట్యాంకర్ అంటే ఎండాకాలం వాడకట్టుకు నీళ్లు తెచ్చేది. ఇక జలధార ట్యాంకర్ అంటే వేరే చెప్పాలా? యాభై ఏళ్లుగా ఆయన నీళ్ల పోచయ్యే.

నూనె ఓడరా నాయనా అని మొత్తుకుంటే, పల్లినూనెనా, నువ్వుల నూనెనా అని అడిగేవాళ్లే తప్ప నమ్మినవాడు లేడు.

అందుకే కామారెడ్డిలో ఎవరో సంఘంవాళ్లు సన్మానం చేస్తామని పిలిస్తే మామ పెళ్లికొడుకైపోయాడు.

"మైకుల ఒక్కసారి నూనె ఓడ అంటే సాలు బిడ్డా. లేకుంటే సచ్చినంక గూడ నీళ్ల పోచయ్యనే అంటరు" అన్నాడు నాతో.

నాకు పాపమనిపించింది. ఆయన్నూ, మా అత్త రామవ్వనూ నేనే బస్సెక్కించి తీసుకుపోయాను.

అత్తది ఇంకో కథ. ఆ యుద్ధమప్పుడు ఆమె కొత్త పెళ్లికూతురు. బీడీలు చుట్టి, అందులో మంచివి ఏరి మామకు బొంబాయికి పార్సెల్ పంపేది. సెలవుకొచ్చిన మామ, "నీ బీడీలు లేకుంటే లడాయి గెల్వకపోతుంటిమి" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని అత్త యాభై ఏళ్లు మురిసింది. తునికాకు కత్తిరించినప్పుడల్లా వాడకట్టు ఆడవాళ్లకు అదే చెప్పేది. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

హాలు నిండా జనం. మైకు పట్టుకున్నది సంఘం పెద్ద పర్శరాములు. గొంతు పెద్దది, వినికిడి తక్కువ.

"ఉప్పు సముద్రంలో మన జవాన్ల దాహం తీర్చిన భగీరథుడు పోచయ్యగారు!" అన్నాడు. చప్పట్లు మోగాయి. శాలువా కప్పి, చేతికి స్టీలు బిందె ఇచ్చారు. మామ ముఖం మాడిపోయింది. బిందె తెచ్చి అత్త ఒళ్లో పెట్టి, మళ్లీ పోయి మైకు లాక్కున్నాడు.

"నీళ్లు గాదు, నూనె!"

"చూశారా, ఎంత వినయమో!" అన్నాడు పర్శరాములు. మళ్లీ చప్పట్లు. నాకు ఒళ్లు మండింది.

"రెండు ఓడలు పక్కపక్కన పోతనే ఉంటయి. నడిమిట్ల తాడు, తాడుకు పైపు..."

"నీళ్ల పైపే గద తాతా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

మామ అత్త వైపు చూశాడు. నుదుటి చెమట శాలువాతో తుడుచుకున్నాడు. చివరికి తెగించాడు.

"అవ్వలారా, మీల బీడీలు చుట్టేటోళ్లు ఎందరు?"

సగం హాలు చేతులెత్తింది.

"మా ఓడల బీడీ బంద్. అగ్గిపుల్ల గూడ ఎక్కనియ్యలే మా కెప్టెన్. నీళ్ల ఓడైతే గట్లెందుకు? ఒక్క పుల్ల గీస్తే అందరం బూడిదే. గా ఓడ మీదున్నన్ని దినాలు నేను ఒక్క బీడీ ముట్టలే."

"అగో, నూనె ఓడనే!" అని ఒకామె అరిచింది. పర్శరాములు నాలుక కరుచుకుని, "నూనె ఓడ పోచయ్యగారు!" అని మైకు అదిరేలా ప్రకటించాడు. యాభై ఏళ్ల కోరిక తీరింది. మామ మాత్రం నేల చూపులు చూస్తున్నాడు.

అత్త బిందె కింద పెట్టి లేచింది.

"మరి నా బీడీలేం జేసినవ్?"

"ఇంట్ల చెప్త తియ్."

"గీడనే చెప్పు. మైకులనే చెప్పు."

"పైపు తాడుకు సంచి గట్టి, నూనెతోని లడాయి ఓడలకు పంపిన. నూనె దీస్కొని దూరం పొయ్యినంక వాళ్లు తాగేటోళ్లు."

"నిజంగ తాగిండ్రా?"

"మల్ల నూనెకొస్తే ముందుగాల బీడీలే అడుగుతుండ్రి."

ఇక మామ పని అయిపోయిందనుకున్నాను. అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"గీ ముచ్చట అప్పుడే చెప్తే ఏమయితుండెనయ్యా? అందరికి సరిపోయేటన్ని చుట్టకపోతుంటినా!"