మాత్రలు ఇచ్చే మనిషి

పన్నెండేళ్లుగా వీరవెంకటరమణకు మాత్రలు ఇచ్చేది భార్య సరళే. పొద్దున్నే టిఫిను ముందు అరచేతిలో పోసి, నీళ్లగ్లాసు అందించి, గొంతు దిగేదాకా అక్కడే నిలబడుతుంది. ఇది దేనికని ఆయన ఒక్కనాడూ అడగలేదు. కైకలూరులో చేపల మేత దుకాణం నడిపిన మనిషి. ఏ చెరువుకి ఏ మేత వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. "కొత్త కంపెనీ మేత ఒక్కసారిగా వెయ్యకండి, పదిహేను రోజులు పాతదానితో కలిపి అలవాటు చెయ్యండి" అని వచ్చిన ప్రతి రైతుకీ పాఠం చెప్తాడు. తన నోట్లో ఏం పడుతోందో మాత్రం ఆయనకి పట్టదు.

అందుకే ఏలూరు ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అన్న మాట సరళకు మింగుడుపడలేదు.

"షుగరు మాత్రలు ఎక్కువ పడ్డాయండీ. ఇంట్లో ఏమైనా గొడవలా?"

ఆ శనివారం మధ్యాహ్నం ఆయన దుకాణంలో కుర్చీలోంచి జారిపోయాడు. ఒళ్లంతా చెమట, మాట ముద్దముద్దగా ఉంది. ఆయన తమ్ముడి కొడుకు నరేంద్ర కారులో వేసుకుని ఏలూరు పరిగెత్తించాడు. ఇంటినుంచి మందుల డబ్బా కూడా తెప్పించారు. గండం గడిచింది.

"గొడవలేం లేవండీ" అందామె. అంది గానీ ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. తను ఇవ్వాల్సిందే ఇచ్చింది, చేత్తో ఇచ్చింది. మరి ఎక్కువ ఎక్కడినుంచి వచ్చింది? ఆయనే మింగాడు, తను చూడకుండా మింగాడు. దుకాణం నరేంద్రకు అప్పగించిన దగ్గర్నుంచీ మనిషి సగం మాటలు మానేశాడు. తను అది విశ్రాంతి అనుకుంది. ఎంత తెలివితక్కువదాన్ని అని తన్ను తనే తిట్టుకుంది.

అడిగెయ్యొచ్చు కదా అంటారా? అడిగితే అవునంటాడేమోనని భయం. ముప్ఫై నాలుగేళ్లు కాపురం చేసిన ఆడమనిషికి ఆ ఒక్క 'అవును' వినే ధైర్యం లేదు.

మంగళవారం ఇంటికి పంపేశారు. చేతికిచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఆమె కాఫీ పట్టుకుని వార్డులోకి వచ్చేసరికి పెర్సిస్ అనే నర్సు మంచం అంచున కూర్చుని ఆయనకేదో నెమ్మదిగా చెబుతోంది. సరళను చూడగానే ఆయన ఒక కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"ఏంటండీ అది?"

"ఏం లేదు, మందుల షాపు చీటీ."

చీటీని నాలుగు మడతలు పెట్టి దాచుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? సరళ కళ్లు అప్పటినుంచీ ఆయన మీదే ఉన్నాయి.

ఇంటికొచ్చిన పూటే ఆయన మందుల డబ్బా తీసుకెళ్లి తన బీరువాలో పెట్టుకున్నాడు. "ఇకనుంచి నేనే వేసుకుంటాలే, నీకెందుకు శ్రమ" అన్నాడు. పన్నెండేళ్లుగా లేని శ్రమ ఇప్పుడొచ్చిందా అనుకుంది సరళ. తలుపు సందులోంచి చూస్తే బీపీ మాత్ర ఒక్కటే వేసుకుంటున్నాడు. షుగరు మాత్ర ముట్టుకోవడం లేదు. బుధవారం చెత్తబుట్టలో పాత షుగరు మాత్రల పట్టీ కనిపించింది. అందులో ఇంకా ఆరున్నాయి. ఆమె దాన్ని తీసి, తుడిచి, కందిపప్పు డబ్బాలో దాచింది. ఎక్కువ మింగినా, అసలు మానేసినా ఈయన వెళ్లాలనుకుంటున్న చోటు ఒకటేనని ఆమెకు తోచింది.

గురువారం చొక్కా ఉతకబోతే జేబులో చక్కెర బిళ్లలు దొరికాయి. షుగరు మనిషి జేబులో చక్కెర! అదే సాయంత్రం ఆయన తాడేపల్లిగూడెంలో ఉన్న కూతురు రాజశ్రీకి ఫోను చేసి పెరట్లోకి నడిచాడు. సరళ బట్టలు తీసే వంకతో దండెం దగ్గర నిలబడింది.

"మీ అమ్మకి మాత్రం చెప్పకమ్మా. అది తట్టుకోలేదు" అంటున్నాడాయన.

ఆమె చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. కూతురికి చెప్పి పోదామనుకున్నాడా, తనకి చెప్పకుండా?

శనివారం వచ్చింది. పాతికేళ్లుగా శనివారం ఆయనకి ఒంటిపూటే. మధ్యాహ్నం భోజనం ముట్టడు, రాత్రి టిఫిను తింటాడు. వెంకటేశ్వరస్వామికి మొక్కు. అలాంటి మనిషి పదకొండింటికి వంటింట్లోకి తొంగిచూసి, "సరళా, ఇవాళ నాకూ అన్నం పెట్టెయ్. ఇక ఒంటిపూటలు వద్దులే" అన్నాడు.

"మొక్కు కదండీ."

"స్వామి ఏమీ అనుకోడు."

దాంతో సరళకి ఉన్న కాస్త అనుమానం తీరిపోయింది. దేవుడితో కూడా తెగతెంపులు చేసుకుంటున్నాడంటే ఇంకేం మిగిలింది? షుగరు మాత్ర మానేసి వారం. తను చూస్తూ ఊరుకోదు. ఆయన వేసుకోకపోతే తనే వేస్తుంది, ఆయనకి తెలియకుండానే వేస్తుంది. కందిపప్పు డబ్బాలోంచి పట్టీ తీసింది. ఒకటి సరిపోతుందా? వారం రోజుల బాకీ కదా అని రెండు తీసి, చెంచాతో నలిపి, చిక్కటి మజ్జిగలో కలిపింది. గ్లాసు ఆయన కంచం పక్కన పెట్టింది. మనసు నిబ్బరంగానే ఉంది. మొగుణ్ణి బతికించుకుంటున్నాననుకుంది.

ఆయన పీట మీద కూర్చుని, "అన్నంలో రాళ్లుంటే కనపడవు, నా కళ్లజోడు కాస్త తెచ్చిపెట్టు" అన్నాడు. అని, ఏదో గుర్తొచ్చినట్టు లేవబోయాడు. "ఉండు, నేనే తెచ్చుకుంటా."

"కూర్చోండి" అంది సరళ. అప్పటికే గదిలోకి వెళ్లిపోయింది.

కళ్లజోడు పెట్టె తెరిస్తే అద్దాల కింద నాలుగు మడతల కాగితం ఉంది. విప్పింది. తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో, ముత్యాల్లాంటి చేతిరాత.

ఏం జరిగింది: మీ షుగరు మందు ఒకటే. షాపులో కంపెనీ మారింది, పేరు మారింది, మందు మారలేదు. పాత మాత్రా కొత్త మాత్రా రెండూ రోజూ వేసుకోవడంతో మోతాదు రెట్టింపయింది. శనివారం భోజనం కూడా లేకపోయేసరికి షుగరు పడిపోయింది. ఇది పొరపాటున జరిగింది.

ఇంటికి వెళ్లాక: సోమవారం పరీక్ష అయ్యేదాకా షుగరు మాత్ర ఏదీ వేసుకోవద్దు. పాత మాత్రలు ఇంట్లో ఉంచుకోవద్దు. ఏ పూటా భోజనం మానొద్దు. జేబులో చక్కెర బిళ్లలు పెట్టుకోండి.

చెమటలు పట్టినా, వణుకు వచ్చినా, మాట తడబడినా: వెంటనే చక్కెర తిని ఆసుపత్రికి రండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్సు పిలవాలి.

సరళకి పోయిన నెల కళ్లముందు తిరిగింది. మెడికల్ షాపువాడు పాతవి రాలేదని వేరే పేరున్నవి ఇచ్చాడు. కొత్తది ఒక్కసారిగా పెడితే ఒంటికి పడదని, పదిహేను రోజులు పాతదానితో కలిపి అలవాటు చేద్దామనుకుంది. దుకాణంలో వినీ వినీ ఒంటబట్టిన పాఠం. మేతైతే సగం సగం కలుపుతారు. తను ఒకటీ ఒకటీ ఇచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది గ్లాసు.

ఆమె వంటింట్లోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆయన గ్లాసు పెదవుల దాకా తెచ్చాడు. లాక్కుంది. సగం ఆయన పంచె మీద ఒలికింది. మిగిలింది సింకులో పారబోసి, గ్లాసు మూడుసార్లు కడిగి, వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూలబడింది.

"తాగారా?"

"లేదు. ఏమైంది?"

"పాత మాత్రలు. రెండు. నేనే కలిపాను."

ఆయన ఆమె చేతిలో ఉన్న కాగితం చూశాడు.

సరళ కాగితం అడుగున వేలు పెట్టింది. అక్కడ, 'మాత్రలు ఇచ్చేవారికి ఇది చదివి వినిపించాలి' అని ఉంది. పక్కన, 'విన్నవారి సంతకం'. ఆ గీత మీద సరళ అని ఆమె పేరు ఉంది. రాత మాత్రం ఆయనది.

"నా సంతకం మీరెందుకు పెట్టారండీ?"

"ఆ నర్సమ్మ నిన్ను పిలవమంది. నేనే చెప్తానని పెట్టేశాను. నీ చేత్తోనే జరిగిందని తెలిస్తే నువ్వు బతికినన్నాళ్లూ కుమిలిపోతావని."

"నేను మీరు చచ్చిపోదామనుకున్నారనుకుని చస్తున్నాను వారంనుంచీ."

ఆయన తెల్లబోయి చూశాడు. ఆ సంగతి ఆయనకి కలలోకి కూడా రాలేదని ఆ మొహమే చెప్పింది. సరళకి అప్పుడు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, కందిపప్పు డబ్బాలో మిగిలిన పట్టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. కళ్లజోడు ఆయన చేతికిచ్చింది, కాగితమూ ఇచ్చింది.

"చదవండి. మొదటినుంచీ, గట్టిగా. నేను వింటాను."

అన్నం చల్లారిపోతోంది. ఆయన మెల్లగా, ఒక్కో ముక్కా చదివాడు. 'పాత మాత్రా కొత్త మాత్రా' దగ్గర గొంతు తగ్గించబోతే, "వినపడలేదండీ" అంది. మళ్లీ చదివించుకుంది. చివరికొచ్చాక గూట్లోంచి పెన్ను తీసుకుని, ఆయన రాసిన సరళను కొట్టేసి, పక్కన తన చేత్తో రాసింది.

"ఇక అన్నం తినండి" అంది. "తిన్నాక ఆ మందుల డబ్బా నాకిచ్చెయ్యండి."